సగం గడ్డం

ముప్పై ఎనిమిదో, ముప్పై తొమ్మిదో. లెక్క తప్పింది.

వంటింటి గట్టు మీద ప్లాస్టిక్ గిన్నె, గిన్నెలో గోరువెచ్చటి నీళ్ళు, నీళ్ళలో అతని కుడిచెయ్యి. మోచెయ్యి నడుముకు ఆనించి ఉంచాలి. అరచెయ్యి ఒక్కటే తిరగాలి. బోర్లా ఉన్నది వెల్లకిలా పడాలి, అంతే. చంటిపిల్లలు బిస్కెట్టు కోసం చెయ్యి చాపి చేసేపాటి పని. అతని చెయ్యి మాత్రం సగం దాకా వచ్చి, బొటనవేలు పైకి చూపిస్తూ నిలబడిపోతోంది. ఇంకాస్త తొయ్యబోతే భుజం లేస్తుంది, మెడ వాలుతుంది, నోరు వంకరపోతుంది. చెయ్యి మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

"భుజం లేపొద్దని ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పిందిగా," అంది భార్య, పొయ్యి దగ్గర్నుంచి తల తిప్పకుండానే.

"నీకు వీపున కళ్ళున్నాయా?"

"భుజం లేపినప్పుడల్లా మూలుగుతావు. వినపడుతోంది."

మూలగడం ఆపి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు. వ్యాయామం కోసం కాదు, ఉక్రోషంతో.

చెయ్యి బయటికి తీసి తువ్వాలుతో అద్దుకున్నాడు. ముంజేయి రెండో చేతికన్నా సన్నబడింది. మణికట్టుకు ఇవతల, వెనకవైపు, చిన్న ఎత్తు. అక్కడ ఎముక అతుక్కోవడమైతే అతుక్కుంది గానీ, తిన్నగా అతుక్కోలేదు. పక్కనుంచి చూస్తే వంగిన గరిటెకాడలా ఉంటుంది. చొక్కా వేసుకున్నాడు. పై గుండీ దగ్గర వేళ్ళు తడబడ్డాయి. భార్య పొయ్యి తగ్గించి వచ్చి గుండీ పట్టుకుంది.

"నేను పెట్టుకోలేనా?"

"పెట్టుకో మరి."

పక్కకి జరిగి నిలబడింది. అతను మూడుసార్లు ప్రయత్నించి, నాలుగోసారి గుండీ వదిలేసి, అలాగే చెప్పులేసుకుని బయటపడ్డాడు. మెట్లు దిగుతుంటే వెనకనుంచి ఆవిడ నవ్విందో నిట్టూర్చిందో అర్థం కాలేదు. ఏదైనా ఒళ్ళు మండేదే.

అతనికి యాభై నాలుగేళ్ళు. అందులో ముప్పై ఆరేళ్ళు ఒకే సందు మొదట్లో, ఒకే షాపులో, రెండు కుర్చీల మధ్య నిలబడి గడిచాయి. జుట్టు కత్తిరించేవాళ్ళు ఊళ్ళో చాలామందే ఉన్నారు. గడ్డం గియ్యడంలో మాత్రం అతని చెయ్యి వేరు. వెనకటికి ఒకాయన గడ్డం గీస్తుండగానే నిద్రపోయి, అంతా అయ్యాక లేచి, "ఏం, ఇంకా మొదలుపెట్టవా?" అని అడిగాడట. ఆ రోజు నుంచీ అతనికి 'మెత్తచెయ్యి' అని పేరు పడిపోయింది. కిరాణా కొట్టువాడూ అదే పేరుతో పిలుస్తాడు, కరెంటు రీడింగుకి వచ్చేవాడూ అదే పేరుతో పిలుస్తాడు. ఇన్నేళ్ళూ ఆ పేరు వింటే లోపల ఎక్కడో చల్లగా ఉండేది. ఇప్పుడు ఎవరైనా "ఏం మెత్తచెయ్యీ, ఎలా ఉంది?" అంటే చెంప మీద కొట్టినట్టుంటోంది.

పడ్డది పదకొండు వారాల కిందట. గొప్పగా చెప్పుకోడానికేం లేదు. బండి గుద్దలేదు, మేడ మీంచి జారలేదు. షాపులో పెద్ద అద్దం పైఅంచు తుడుద్దామని స్టూలెక్కాడు. తానే కడిగి ఆరనివ్వని నేల మీద స్టూలు కాలు జారింది. పడేటప్పుడు ఎవరైనా చేసేదే అతనూ చేశాడు, అరచెయ్యి నేలకి ఆనించాడు. ఒళ్ళంతటి బరువు ఆ అరచేతి మీద పడింది. ఎండుపుల్ల విరిగిన చప్పుడు. నొప్పి తర్వాతెప్పుడో వచ్చింది. ముందు వచ్చింది ఆశ్చర్యం, తన చెయ్యి తనది కానట్టు వంకరగా కనిపించినందుకు.

ఆసుపత్రిలో డాక్టరు మంచివాడే. ఎక్స్‌రే వెలుతురుకి పట్టి చూసి, ధైర్యం చెబుదామనే అన్నాడు: "అరచెయ్యి ఆనించి పడ్డారు కదూ? లోకంలో అందరికన్నా ఎక్కువ విరిగే చోటు ఇదే. పొద్దుట్నుంచి మీరు నాలుగోవారు. కంగారు పడకండి, మామూలు ఫ్రాక్చరే."

మామూలు ఫ్రాక్చరు. చెయ్యి పట్టి లాగి ఎముక సర్దుతున్నప్పుడు కలిగిన నొప్పి వారానికి మరపుకొచ్చింది. ఆ మాట మాత్రం ఆరువారాల సిమెంటు కట్టులోనూ లోపల దురద పెడుతూనే ఉంది. పుల్ల పెట్టి గోక్కోడానికి కూడా అందని చోట.

ఫిజియోథెరపీ గదిలో కిటికీ పక్కన పొడవాటి బల్ల ఉంది. చేతులవాళ్ళంతా దాని చుట్టూ కూర్చుంటారు. నడుంవాళ్ళూ మోకాళ్ళవాళ్ళూ అవతలివైపు. అతను వెళ్ళేసరికి టైల్సు పరిచే మేస్త్రీ అప్పుడే స్పాంజి బంతి పిసుకుతున్నాడు. బేకరీలో పనిచేసే ఆవిడ బల్ల మీద బట్టలు ఆరేసే క్లిప్పులు ఒక కడ్డీ నుంచి తీసి ఇంకో కడ్డీకి పెడుతోంది.

ఇద్దరి కథలూ అతనికి కంఠతా వచ్చు. మేస్త్రీ మెట్ల మీంచి జారి చెయ్యి ఆనించాడు. ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదు, బెణుకే అన్నారు. గుడ్డకట్టు కట్టుకుని నెలరోజులు పని చేశాడు. బొటనవేలి మొదట్లో, గుంట పడే చోట, నొక్కితే ప్రాణం పోయేది. మళ్ళీ తీయిస్తే జీడిపప్పంత ఎముక ఒకటి రెండుగా విరిగి ఉంది. ఆ ఎముకకి రక్తం సరిగ్గా అందదట, అతుక్కోడానికి నెలలు పడుతుందట. బేకరీ ఆవిడ మీద ట్రేల బండి ఒరిగింది. ముంజేతిలో రెండెముకలూ నడిమికి విరిగితే రేకులూ మరలూ వేసి బిగించారు.

"నా చేతిలో ఇనప సామాన్ల కొట్టు పెట్టుకున్నా బాబాయ్," అంటుంది ఆవిడ. "ఏ మర కావాలన్నా అడుగు."

"నీకు నయం," అన్నాడు మేస్త్రీ. "ఇంత మచ్చ ఉంది, చూపిస్తే అవతలివాడు అయ్యో అంటాడు. నాకేముంది? పైకి చెయ్యి నిక్షేపంలా ఉంది. టైలు ఎత్తమంటే ఎత్తలేను. మా ఓనరు నేను నాటకాలాడుతున్నానంటాడు."

"మీ ఇద్దరికీ చెప్పుకోడానికి పేరున్న జబ్బన్నా ఉంది," అన్నాడు అతను. "నాది మామూలు ఫ్రాక్చరు."

ఆ మాటన్న తీరుకి ఇద్దరూ నవ్వారు. అతను నవ్వలేదు.

ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి అతని చేతిలో పెన్సిలు నిలబెట్టి పట్టించి, చెయ్యి తిప్పమంది. ప్లాస్టిక్ కొలత పక్కన పెట్టి వంగి చూసింది. ఆ అమ్మాయి అంకె చెప్పక ముందే అతనికి తెలిసిపోయింది, కొలత తీశాక కాసేపు కాగితం వైపు చూసింది కాబట్టి.

"ముప్పై అయిదు డిగ్రీలు."

"పోయిన వారం?"

"ముప్పై అయిదే."

"అంతకు ముందు?"

"ముప్పై మూడు. పెరిగింది కదా బాబాయ్."

"ఎనభై రావాలన్నావు. వారానికి ఒకటి చొప్పున వస్తే నేను కాటికి పోయేరోజుకి వస్తుంది." బల్ల మీద పెన్సిలు పెట్టబోతే జారి కింద పడింది. వంగి తీసుకోబుద్ధి కాలేదు. "రోజుకి మూడుసార్లు, యాభై తిప్పమంటే వంద తిప్పుతున్నా. ఏమైనా దాచుకున్నానా? కత్తి ఎప్పుడు పట్టుకుంటాను, అది చెప్పు."

"పట్టుకోడానికి ఇప్పుడైనా పట్టుకోవచ్చు. తిప్పడమే..."

"పట్టుకుని చూస్తూ కూర్చోడానికి కత్తెందుకమ్మా?"

ఆ అమ్మాయి కోప్పడలేదు. పెన్సిలు తానే తీసి బల్ల మీద పెట్టింది. "అతుక్కునేటప్పుడు కాస్త వంగి అతుక్కుంది. ఇంకొంచెం రావచ్చు, ఇక్కడే ఆగిపోవచ్చు. వస్తుందని ఒట్టేసి చెప్పలేను బాబాయ్. అబద్ధం చెబితే మీరే రేపు నన్ను తిడతారు."

నిజం చెప్పినా తిట్టాలనే ఉంది. తిట్టడానికి ఆ పిల్ల మొహంలో ఎక్కడా సందు దొరకలేదు. లేచి వచ్చేస్తూ తలుపు పిడి కుడిచేత్తో తిప్పబోయాడు, అలవాటు కొద్దీ. తిరగలేదు. వెనక నుంచి బేకరీ ఆవిడ, పాపం, తన ఇనప చెయ్యి చాపి తలుపు తీసిపెట్టింది.

షాపులో పాటలు మోగుతున్నాయి. బావమరిది కుడివైపు కుర్చీ దగ్గర ఒక కుర్రాడి తలకి చెవుల పైన గీతలు పెడుతున్నాడు. భార్యకి తమ్ముడు, నలభై దాటాయి, ఊరికి ఆ చివర ఇంకొకరితో కలిసి షాపు నడిపేవాడు. ఇతని చెయ్యి విరిగిన మర్నాడే అక్క కబురు పెడితే వచ్చాడు. అప్పట్నుంచీ ఇక్కడే. పనిమంతుడు, నవ్వుమొహంవాడు, వచ్చినవాళ్ళందరితో వావి కలిపేస్తాడు. వాణ్ణి తప్పుపట్టడానికి ఏమీ లేదు. అదే పెద్ద తంటా.

ఎడమవైపు కుర్చీ ఖాళీగా ఉంది. గోడవార బెంచీ మీద ఇద్దరు కూర్చున్నారు. అతను ఏప్రన్ తగిలించుకుని, కుర్చీ దులిపి, మొదటాయన వైపు చూశాడు.

"రండి సార్."

"పర్లేదు, పర్లేదు," అన్నాడాయన పేపరు పైకెత్తి. "తొందరేం లేదు. తమ్ముడు ఖాళీ అయ్యాకే."

రెండో ఆయన కూడా పేపరు కోసం చెయ్యి చాపాడు. ఉన్నది ఒక్క పేపరే. ఇద్దరూ దాని వెనక దాక్కున్నారు.

మిషనుతో జుట్టు కొట్టడం ఇప్పుడు తన చేతనవుతుంది. కత్తెర కూడా కాస్త నెమ్మదిగా ఆడుతుంది. ఆ సంగతి నిలబడి అందరికీ చాటుకుంటాడా? దువ్వెనలు కడిగిన నీళ్ళు పారబోసి మళ్ళీ కడిగాడు.

"బావా," అన్నాడు బావమరిది, పాట తగ్గించి. "ప్రూఫుల పెద్దాయన వాళ్ళమ్మాయి మళ్ళీ ఫోన్ చేసింది."

అతను కడుగుతూనే ఉన్నాడు.

"నిన్నట్నుంచి మంచం దిగలేదట. పొద్దున డాక్టరొచ్చి చూశాడట, గుండె బాగా అలిసిపోయిందన్నాడట. ఆయన మాత్రం ఒకటే పాట, గడ్డం గడ్డం అని."

"నువ్వు వెళ్ళొచ్చావుగా మొన్న."

"వెళ్తే ఏమైందో చెప్పానుగా. నన్ను చూసి దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు. 'మీ బావ చెయ్యి విరిగిందా, కాళ్ళు కూడా విరిగాయా' అని లోపల్నుంచి అరిచాడు."

బెంచీ మీద పేపరు కదిలింది. వెనక ఎవరో నవ్వు ఆపుకున్నారు.

ప్రూఫుల పెద్దాయన అచ్చాఫీసులో ముప్పై ఏళ్ళు ప్రూఫులు దిద్దాడు. మానేసి పదిహేనేళ్ళయినా దిద్దడం మానలేదు. షాపులో గోడ మీద ధరల బోర్డు చూసి 'క్రాఫు'కి దీర్ఘం తగ్గిందని, సబ్బు అట్టపెట్టె మీద వత్తు ఎగిరిపోయిందని, ఎదురుగా ఎవరుంటే వాళ్ళకి చెప్పేవాడు. ఇరవై ఆరేళ్ళుగా రోజు విడిచి రోజు, షాపు తీసిన వెంటనే, ఆయనే మొదటి బేరం. చెయ్యి విరిగాక బావమరిది కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు. "చెయ్యి బాగయ్యాక గీయించుకుంటాలే," అని గడ్డం వదిలేశాడు. అది పెరుగుతూనే ఉంది. వారానికోసారి వచ్చి బెంచీ మీద కూర్చుని, గడ్డం నిమురుకుంటూ, కట్టు కేసి చూసి పోయేవాడు. కట్టు విప్పించుకుని వచ్చిన రోజు మణికట్టు మీది ఎత్తుని వేలితో తడిమి, "అచ్చుతప్పు పడిందోయ్," అన్నాడు. "పర్లేదు, అర్థం మారలేదు."

అప్పుడు అతనూ నవ్వాడు. రెండు వారాల్లో కత్తి పట్టేస్తాననే అనుకున్నాడు మరి. ఆ తర్వాత ఆ గడ్డాన్ని చూస్తుంటే ఊపిరాడనట్టయ్యేది. తను అడగలేదే ఎదురుచూడమని! ఎవడో ఒకడి చేత గీయించుకుని పోవచ్చుగా. ఊళ్ళో ఇంకెవరూ లేనట్టు ఈ మొండితనమేమిటి? పెద్దాయన షాపుకి రావడం మానేసిన రెండు వారాల్లో ఆయన కూతురు నాలుగుసార్లు ఫోన్ చేసింది. నాలుగుసార్లూ రేపొస్తానన్నాడు.

మధ్యాహ్నం షాపు ఖాళీ అయ్యాక వెనకగదిలోకి వెళ్ళి తలుపు చేరవేశాడు. జేబులోంచి బెలూను తీశాడు. పొద్దున దారిలో కొన్నది, ఎవరి పుట్టినరోజో అన్నట్టు మొహం పెట్టి. ఊది, ముడేసి, ఎడమ చంకలో ఇరికించుకుని, బ్రష్షుతో నురగ పట్టించాడు. పని నేర్చుకునే కొత్తల్లో చేసే సాధన ఇది. బెలూను పగలకుండా నురగ తియ్యడం వస్తే, మనిషి మొహం మీద చెయ్యి వెయ్యనిస్తారు. అతను పద్దెనిమిదో ఏట మూడే మూడు బెలూన్లతో గట్టెక్కాడు.

కత్తి చేతిలో కుదురుగానే కూర్చుంది. మొదటి గీత పైనుంచి కిందికి, బాగానే వచ్చింది. రెండోది కూడా. మూడోదానికి బెలూను వంపు తిరిగింది. వంపుతో పాటు మణికట్టు తిరగాలి. తిరగలేదు. భుజం లేచింది. భుజం లేచిందని తెలిసి దించబోయాడు, కత్తి అంచు వాలింది.

చిన్న గదిలో అది తుపాకి పేలినట్టు పేలింది. నురగ చొక్కా మీద, క్యాలెండరు మీద, కంట్లో కూడా పడింది.

తలుపు తీసుకుని బావమరిది వచ్చాడు. రబ్బరు పీలికల వైపు, నురగ వైపు, కత్తి వైపు చూశాడు.

"నేనేం చూళ్ళేదు బావా," అన్నాడు మెల్లిగా.

అలా కాక పగలబడి నవ్వినా బాగుండేది. ఆ జాలి చూసేసరికి పదకొండు వారాల కసి ఒక్కసారి గొంతులోకి వచ్చింది. "చూడు! బాగా చూడు! అందరూ చూస్తున్నారు, నువ్వెందుకు చూడవు? నీకేం, షాపు దొరికింది, కుర్చీ దొరికింది, నా బేరాలన్నీ నిన్ను తమ్ముడూ తమ్ముడూ అంటున్నాయి. ఈ చెయ్యి ఇలాగే ఉంటే నీకు హాయేగా!"

బావమరిది మొహంలో నవ్వు పోయింది. నవ్వు లేకపోతే అచ్చం వాళ్ళక్కలా ఉంటాడు.

"అక్కడ నా షాపులో నా కుర్చీని వేరేవాడికిచ్చేశాడు నా పార్ట్‌నరు," అన్నాడు. "ఎంతకాలం ఆగుతాను, నువ్వు రావట్లేదుగా అన్నాడు. అది నీకు చెప్పలేదు, అక్కకీ చెప్పలేదు. చెబితే నువ్వు ఆ చేత్తోనే పనిలోకి దిగుతావని." కంట్లో నురగ తుడుచుకోమని భుజం మీది తువ్వాలు తీసి ఇచ్చాడు. "నీ కుర్చీ నాకొద్దు బావా. ఎత్తు కూడా చాలదు, నడుం పట్టేస్తోంది."

అతను తువ్వాలు తీసుకున్నాడు. కాసేపు కన్ను తుడుచుకుని, సంచీలో కత్తి, బ్రష్షు, సబ్బు గిన్నె, పటిక ముక్క, కత్తెర సర్దుకున్నాడు. సంచీ ఎడమ భుజానికి తగిలించుకుని వీధిలోకి వచ్చాడు.

పెద్దాయన ఇల్లు రెండో అంతస్తులో. మెట్లెక్కుతూ రెండుసార్లు ఆగిపోయాడు, ఆయాసం వల్ల కాదు. తలుపు తీసిన కూతురికి నిద్ర లేక కళ్ళు లోపలికి పోయాయి. "వచ్చారా అన్నయ్యా," అని ఒక్క మాట అని పక్కకి తప్పుకుంది. నాలుగుసార్లు రేపన్నవాణ్ణి ఆ పిల్ల ఏమీ అనకపోవడం ఇంకా కష్టంగా ఉంది.

గదిలో పుస్తకాల అరలు మూడు గోడలకీ ఉన్నాయి. నాలుగో గోడకి కిటికీ, కిటికీ కింద మంచం, మంచం మీద మూడు దిళ్ళకి ఆనుకుని పెద్దాయన. మొహం సగానికి పైగా తెల్లటి గడ్డంలో మునిగిపోయింది. మిగిలిన కాస్తా ముక్కూ, కళ్ళద్దాలూ, వాటి వెనక కళ్ళే.

"కాళ్ళు బాగానే ఉన్నట్టున్నాయే," అన్నాడు పెద్దాయన. గొంతు సన్నగా, మాటకీ మాటకీ మధ్య ఖాళీ వదిలి.

అతను సంచీ దించి ఎదురుగా నిలబడ్డాడు. వచ్చే దారంతా కూడబలుక్కున్న అబద్ధాలు ఏవీ పనికి రాలేదు.

"పెద్దాయనా, చెయ్యి తిరగట్లేదు. ముప్పై అయిదు దగ్గర ఆగిపోయింది. ఇక ఇంతే కావచ్చు అంటున్నారు."

"ముప్పై అయిదా?" పెద్దాయన కాస్త ఆలోచించాడు. "పాసు మార్కులే కదోయ్."

"నవ్వులాట కాదు. ఇందాక బెలూను గీస్తే పేలిపోయింది. మీ మొహం మీద కత్తి పెట్టి, ఏ నరమో తెగితే..."

"అసలు ఏది తిరగాలి? ఎందుకు తిరగాలి? అర్థమయ్యేటట్టు చెప్పు."

చెప్పాడు. చేత్తో చూపించాడు. ఈ చెంప గీసేటప్పుడు చెయ్యి ఇలా ఉంటే చాలు. ఆ చెంపకి వెళ్ళాలంటే మణికట్టు మడిచి అరచెయ్యి పైకి తిప్పాలి. గొంతు కింద అయితే ఇంకా ఎక్కువ. ముప్పై ఆరేళ్ళుగా తను నిలబడ్డచోటు నుంచి ఒక్క అడుగు వెయ్యకుండా, చెయ్యి మాత్రమే తిప్పి మొత్తం మొహం గీసేవాడు. అదే తన పనితనం.

పెద్దాయన శ్రద్ధగా విన్నాడు. కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "చెయ్యి తిరక్కపోతే నువ్వు తిరుగు. నా చుట్టూ ప్రదక్షిణాలు చెయ్యి. వద్దన్నానా?"

"మంచం గోడకుంది."

"లాగండి. ఇద్దరున్నారుగా."

కూతురు, అతను కలిసి మంచం గది మధ్యకి లాగారు. లాగడానికి అతను ఎడమచెయ్యి, తొడలు వాడాడు. మంచం కోడు నేల మీద కీచుమంది, పెద్దాయన పడవలో కూర్చున్నవాడిలా రెండు పక్కలా పట్టుకున్నాడు. ఆ పిల్ల మొహంలో చాలారోజుల తర్వాత కాబోలు, నవ్వులాంటిది వచ్చింది. వేడినీళ్ళు తేవడానికి వంటింట్లోకి వెళ్ళింది.

ముందు కత్తెరతో పొడవంతా తీసేశాడు. పదకొండు వారాల వెంట్రుకలు తువ్వాలు మీద పత్తిలా రాలాయి. ఆ పిల్ల తెచ్చిన నీళ్ళలో గుడ్డ ముంచి వేసి నానబెట్టి, మళ్ళీ కాచుకురమ్మన్నాడు. సబ్బు గిన్నెలో బ్రష్షు తిప్పడానికి ఎడమచేతిని వాడాడు, కాస్త ఆలస్యమైంది గానీ నురగ చిక్కగానే వచ్చింది. కుడి పక్కన నిలబడి, కత్తి తెరిచి, మోచెయ్యి నడుముకి ఆనించుకున్నాడు. మణికట్టుని దాని మానాన దాన్ని వదిలేశాడు. చెవి దగ్గర్నుంచి మొదటి గీత గీశాడు.

కత్తి కింద వెంట్రుక తెగే చిన్న చప్పుడు. అది విని పదకొండు వారాలైంది.

వంపు వచ్చినచోట మణికట్టు తిప్పబోకుండా తనే అరడుగు జరిగాడు. గడ్డం కింద రావలసి వచ్చినప్పుడు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. లేచాడు. తల వైపుకి వెళ్ళి పైనుంచి వంగాడు. చెమటలు పట్టాయి. ఒక చెంప గీయడానికి ఇదివరకు రెండు చెంపలకి పట్టే టైముకి మూడింతలు పట్టింది, మణికట్టు లోపల సూదులు గుచ్చుతున్నాయి, తనని తనే తిట్టుకుంటున్నాడు. అయినా గాటు పడలేదు. కుడి చెంప, గడ్డంలో కుడి సగం, మీసం కింద కుడి సగం, నున్నగా బయటపడ్డాయి.

పెద్దాయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. "ఎంతవరకొచ్చింది?"

"సగం. ఎడమ పక్కకొస్తున్నా."

"రా."

గుడ్డతో కత్తి తుడుచుకుని, మంచం చుట్టూ తిరిగి, ఎడమవైపుకి వచ్చాడు. ఆ చెంపకి మళ్ళీ నురగ రాశాడు. ఎడమచేతి వేళ్ళతో చర్మం పైకి లాగి కత్తి ఆనించాడు.

గడ్డం గీయించుకునే మనిషి తనకి తెలియకుండానే గీసేవాడికి సాయం చేస్తుంటాడు. పెదవి బిగిస్తాడు, చెంప లోపల్నుంచి నాలుకతో తోస్తాడు, గొంతు కిందికి కత్తి వస్తోందంటే తల ఎత్తుతాడు. నిద్రపోయేవాళ్ళు కూడా చేస్తారు. మూడు గీతలు గీశాక అతనికి తెలిసింది, ఈ చెంప తనకేమీ సాయం చెయ్యట్లేదని. కత్తి తీసేశాడు. పై పెదవి దగ్గర చెయ్యి పెట్టాడు. అక్కడ పెట్టినప్పుడల్లా వేళ్ళ వెనక ఊపిరి తగలాలి.

కాసేపు అలాగే ఉంచాడు. తన చేతికే స్పర్శ పోయిందేమో అనుకుని ఎడమచెయ్యి కూడా పెట్టి చూశాడు.

"అమ్మా," అని పిలిచాడు. "ఒకసారి రామ్మా."

ఆ పిల్ల వేడినీళ్ళ చెంబుతో వచ్చింది. అతని మొహం చూసి చెంబు కింద పెట్టింది. తండ్రి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. అరవలేదు. తర్వాత ఫోన్ చేసింది. పక్కవీధి నుంచి పొద్దున వచ్చిన డాక్టరే వచ్చి, చూసి, తల ఊపి, కాగితం రాసి, వెళ్ళిపోయాడు. ఇదంతా జరుగుతున్నంతసేపూ అతను పుస్తకాల అరకి ఆనుకుని నిలబడ్డాడు, మడిచిన కత్తి చేతిలో పట్టుకుని. దుఃఖం రావాలి. వచ్చింది కోపం. ఇంకో పావుగంట! పదకొండు వారాలు ఆగినవాడు ఇంకో పావుగంట ఆగలేకపోయాడా? నాలుగుసార్లు ఫోన్ చేసినప్పుడు ఒక్కసారి వచ్చి ఉంటే. నిన్న వచ్చి ఉంటే. ఆ బెలూను కొన్న పొద్దున నేరుగా ఇటే వచ్చి ఉంటే. ఎవరిని తిట్టాలో తెలియక, విరిగి వంకరగా అతుక్కున్న ఆ చేతినే చూస్తూ నిలబడ్డాడు.

"అన్నయ్యా," అంది ఆ పిల్ల. "ఇలా... సగంతో ఉంచుతామా?"

చెంబులో నీళ్ళు చల్లారిపోయాయి. వెళ్ళి తనే మళ్ళీ కాచుకొచ్చాడు. చల్లనీళ్ళతో గియ్యడం అలవాటు లేదు. ఆరిపోయిన నురగ తుడిచి, కొత్త నురగ రాశాడు. ఈసారి చర్మం తనే లాగాడు, పెదవి తనే బిగించాడు, తల తనే ఎత్తాడు, ఎవరి సాయమూ లేకుండా. చెయ్యి ముప్పై అయిదు దాకా వచ్చి ఆగినప్పుడల్లా అడుగు జరిగాడు. వంగాడు, కూర్చున్నాడు, లేచాడు. తొందరపెట్టేవాళ్ళు లేరు.

పూర్తయ్యాక వేడి గుడ్డతో తుడిచాడు. కూతురు వచ్చి చెంప మీద అరచెయ్యి ఆనించింది. రెండో చెంప మీద కూడా ఆనించింది.

"ఎక్కడా తెగలేదు," అంది.

అతను తలూపాడు. తువ్వాలులో వెంట్రుకలు మూటగట్టి, కత్తి, బ్రష్షు, గిన్నె సంచీలో పెట్టుకున్నాడు. మంచం మళ్ళీ గోడకి జరపమంటావా అని అడగబోయి ఊరుకున్నాడు.

మంచం లేని ఆ గోడ దగ్గర, కిటికీ గట్టు మీద, మంచం లాగకముందు గడ్డానికి అడ్డమని పెద్దాయన తీసి పెట్టిన కళ్ళద్దాలున్నాయి, కాసేపట్లో మళ్ళీ పెట్టుకునేవాళ్ళు పెట్టినట్టు, కాడలు మడవకుండా.